వాతావరణ రంగంలో ప్రభుత్వ సేవ, పెట్టుబడి రెండూ తెలిసిన నాయకులు కావాలంటే ఏం చేయాలి

2023 సెప్టెంబరులో బ్రిటన్ పునరుత్పాదక విద్యుత్ వేలం ఫలితాలు వచ్చాయి. సముద్రంలో గాలిమరలు కట్టే విభాగంలో ఒక్క బిడ్ కూడా పడలేదు. గాలి ఉంది, స్థలం ఉంది, కట్టగలిగే కంపెనీలూ ఉన్నాయి. కరెంటుకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధర మాత్రం 2012 ధరల లెక్కన మెగావాట్ అవర్‌కు 44 పౌండ్లు. అప్పటికి పెరిగిపోయిన పరికరాల ఖర్చుకూ వడ్డీలకూ అది గిట్టుబాటు కాలేదు. గిట్టదని కంపెనీలు ముందే మొత్తుకున్నాయి. తర్వాతి విడతకు ఆ పరిమితిని 73 పౌండ్లకు పెంచారు. 2024లో బిడ్లు వచ్చాయి, కాంట్రాక్టులు కుదిరాయి. మధ్యలో ఒక ఏడాది పోయింది.

ఇలా ఏడాదులకు ఏడాదులు పోకుండా చూడగల మనుషులు ఏ దేశంలోనైనా తక్కువే. ప్రభుత్వంలో ఉన్నవాళ్లలో చాలామందికి అప్పిచ్చేవాడి భయం ఏమిటో తెలియదు. ఫండ్లు నడిపేవాళ్లలో చాలామందికి మంత్రి దేనికి సంతకం పెట్టగలరో, ఎంత ఇష్టమున్నా దేనికి పెట్టలేరో తెలియదు. ఇద్దరి మాటా అర్థమయ్యే మనిషి మధ్యలో లేకపోతే మంచి ప్రాజెక్టులు కూడా కాగితం మీదే ఉండిపోతాయి. అలాంటి మనిషిగా మీరు తయారవడం ఎలా అన్నదే ఇక్కడి విషయం. ఇది పదిహేను, ఇరవై ఏళ్ల దారి. కానీ మొదటి మెట్లు ఈ వారమే ఎక్కొచ్చు.

1. ముందు ఒక రంగం ఎంచుకోండి

‘క్లైమేట్‌లో పనిచేయాలనుంది’ అంటే ఎదుటివాళ్లకు ఏమీ అర్థం కాదు. విద్యుత్ ఉత్పత్తి, గ్రిడ్లు, సిమెంటు, ఉక్కు, భవనాలు, రవాణా, సాగు, అడవులు, నీరు, విపత్తుల నుంచి రక్షణ... ఒక్కొక్కటీ ఒక్కో ప్రపంచం. సిమెంటు సంగతే చూడండి. దాని తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సున్నపురాయిలోంచే వస్తుంది. రాయిని వేడిచేస్తే అందులో ఉన్న కర్బనం వాయువుగా బయటికి పోతుంది. బట్టీకి ఎంత శుభ్రమైన కరెంటు ఇచ్చినా అది ఆగదు. అక్కడ కొత్త రసాయన పద్ధతులు కావాలి, వాటి ప్రయోగాలకు ప్రభుత్వ డబ్బు కావాలి. గ్రిడ్ విషయం వేరు. టెక్నాలజీ ఎప్పటినుంచో ఉంది. కావలసింది లైన్లు వేయడానికి అనుమతులు, పెట్టిన ఖర్చు ఎవరి బిల్లులోంచి తిరిగి వస్తుందన్న స్పష్టత. ఒకచోట సబ్సిడీ లేనిదే కుదరదు, ఇంకోచోట ఒక నిబంధన మారిస్తే చాలు. ఈ తేడా చెప్పగలిగినప్పుడే మీ మాటకు విలువ.

ఎంచుకోవడానికి సాయంగా ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీలోని మూడో వర్కింగ్ గ్రూప్ 2022 ఏప్రిల్‌లో విడుదల చేసిన నివేదిక తీసుకోండి. మొత్తం చదవనక్కర్లేదు. విధాన నిర్ణేతల కోసం రాసిన సారాంశంలో ఒక చార్టు ఉంది. ఏ పని చేస్తే ఎంత ఉద్గారాలు తగ్గే అవకాశం ఉందో, అందులో ఎంత భాగం తక్కువ ఖర్చుతో అవుతుందో రంగాలవారీగా రంగుల్లో చూపిస్తుంది. దాని ముందు ఒక గంట తీరిగ్గా కూర్చోండి. మీరు ఇంజినీరు కావచ్చు, లాయరు కావచ్చు, అకౌంటెంట్ కావచ్చు, వ్యవసాయం చదివి ఉండొచ్చు. మీ చదువు ఎక్కడ పనికొస్తుందో అక్కడే కనిపిస్తుంది. నన్నడిగితే గ్రిడ్లూ, విపత్తుల నుంచి రక్షణా ఎంచుకునేవాళ్లు ఇంకా ఎక్కువమంది రావాలి. సోలార్ ప్యానెళ్ల చుట్టూ ఇప్పటికే చాలామంది ఉన్నారు.

2. వడ్డీ లెక్క చేతికి రావాలి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టమంటాను. ఈ ఒక్క లెక్క సొంతంగా వేయగలిగితే వాతావరణ విధానంలో సగం వాదనలు ఎందుకు జరుగుతున్నాయో అర్థమవుతుంది.

బొగ్గు కేంద్రానికి కట్టేటప్పుడు ఖర్చుంది, నడిపినన్నాళ్లూ బొగ్గు ఖర్చుంది. సోలార్‌కూ గాలికీ ఇంధనం ఉచితం కాబట్టి దాదాపు ఖర్చంతా మొదటే పెట్టాలి. అందుకే ఆ డబ్బు ఎంత వడ్డీకి దొరికిందన్నదే కరెంటు ధరను తేలుస్తుంది. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి చూడండి. ప్లాంటు కట్టడానికి 100 కోట్లు పట్టిందనుకుందాం. 25 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలి. వడ్డీ 6 శాతమైతే ఏడాదికి కట్టాల్సింది సుమారు 7.8 కోట్లు. అదే 12 శాతమైతే సుమారు 12.75 కోట్లు. అదే ఎండ, అవే ప్యానెళ్లు, అదే నేల. వాయిదా మాత్రం 60 శాతానికి పైగా పెరిగింది. పేద దేశాల్లో ఎండ దండిగా ఉన్నా సోలార్ ఎందుకు ఆలస్యమవుతోందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ వడ్డీ ఎందుకు ఎక్కువ? అప్పిచ్చేవాడు దేనికి భయపడుతున్నాడు? కరెంటు కొనే సంస్థ బిల్లు సమయానికి కట్టదనా, గ్రిడ్ సిద్ధంగా ఉండదనా, భూమి తగాదాల్లో పడుతుందనా, కరెన్సీ విలువ పడిపోతుందనా, కొత్త ప్రభుత్వం వచ్చి ఒప్పందం తిరగదోడుతుందనా? ఒక్కో భయానికీ ఒక్కో మందు ఉంది. ఆ మందుల్లో చాలావరకు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి.

మధ్యప్రదేశ్‌లోని రేవా సోలార్ పార్కు దీనికి మంచి ఉదాహరణ. 750 మెగావాట్ల ఆ పార్కుకు 2017 ఫిబ్రవరిలో వేలం జరిగింది. బిల్లులు ఆగిపోతాయేమో అన్న భయానికి మూడంచెల భరోసా పెట్టారు. ముందు లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనుగోలుదారు కట్టకపోతే బ్యాంకు కడుతుందన్న హామీ పత్రం), అది చాలకపోతే చెల్లింపుల భద్రతా నిధి, అదీ చాలకపోతే రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ. భూమి, లైన్ల బాధ్యత పార్కు సంస్థ తీసుకుంది. తొలి ఏడాది యూనిట్ ధర 2.97 రూపాయలకు దిగింది. భారత్‌లో అప్పటిదాకా అంత తక్కువకు సోలార్ కరెంటు ఒప్పందం కుదరలేదు. ప్యానెళ్ల ధర తగ్గడం ఒక కారణమే. కానీ కంపెనీల భయాలను ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి విని, ఒప్పందంలో ఒక్కో క్లాజుగా రాసుకున్న అధికారుల పనితనం లేకపోతే ఆ ధర వచ్చేది కాదు. మీరు నేర్చుకోవాల్సిన విద్య సరిగ్గా అదే.

3. ఉద్యోగం రాకముందే పని మొదలుపెట్టండి

విద్యుత్ నియంత్రణ సంస్థలు, పర్యావరణ శాఖలు, కేంద్ర బ్యాంకులు కొత్త నిబంధనలు తెచ్చే ముందు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడుగుతాయి. ఎవరైనా పంపొచ్చు, ఖర్చు లేదు, అర్హత పత్రం అక్కర్లేదు. అయినా చాలా ముసాయిదాలకు వచ్చేవి కంపెనీల అభిప్రాయాలే. మీ రంగంలో ఇప్పుడు అభిప్రాయాలు అడుగుతున్న ముసాయిదా ఒకటి వెతికి, దాని మీద రాసి పంపండి.

ఎలా రాయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది తేలిపోతారు. ‘పునరుత్పాదక విద్యుత్‌ను మరింత ప్రోత్సహించాలి’ అని రాస్తే చదివిన అధికారి తలూపి పక్కన పెడతారు. దాంతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. బదులుగా ఒక క్లాజు పట్టుకోండి. ఉదాహరణకు, గ్రిడ్‌లో రద్దీ వల్ల ప్లాంటును ఉత్పత్తి ఆపమని చెబితే ఆ నష్టం ఎవరు భరించాలన్న క్లాజు. చాలా ముసాయిదాల్లో అది మౌనంగా ఉంటుంది, లేదా నష్టమంతా ప్లాంటు మీదకే నెడుతుంది. క్లాజు నంబరు రాయండి. దాని వల్ల అప్పిచ్చేవాళ్లు రాబడిని ఎందుకు తగ్గించి లెక్కేసుకుంటారో రెండు వాక్యాల్లో చెప్పండి. ఏడాదిలో ఫలానా గంటల వరకు ప్లాంటు భరించాలి, అంతకు మించితే పరిహారం ఇవ్వాలి అని మీరే ప్రత్యామ్నాయ వాక్యం రాసివ్వండి. ఆ పరిహారం వినియోగదారుల బిల్లు మీద ఎంత పడుతుందో కూడా లెక్కేసి చూపించండి. ఈ చివరిది మర్చిపోకండి. అధికారికి ముందుగా వచ్చే ప్రశ్న అదే.

ఇలా మూడు నాలుగు రాస్తే చేతిలో చూపించడానికి పని ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘నాకు ఆసక్తి ఉంది’ అని చెప్పడానికీ, రాసింది ముందు పెట్టడానికీ చాలా తేడా.

సర్టిఫికెట్ల గురించి ఒక్క మాట. గార్ప్ సంస్థ వాతావరణ రిస్కు మీద ఇచ్చే ఎస్సీఆర్, పెట్టుబడి నిపుణుల సంస్థ సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ కోర్సుల లాంటివి పదాలు, చట్రాలు పరిచయం చేస్తాయి. వేరే రంగం నుంచి వస్తుంటే ఒకటి చేయండి. రెండోది అక్కర్లేదు.

4. ఏ వైపు మొదలుపెట్టాలి

రెండు దారులూ పనిచేశాయి. మార్క్ కార్నీ గోల్డ్‌మన్ శాక్స్ అనే పెట్టుబడి బ్యాంకులో మొదలుపెట్టి, కెనడా కేంద్ర బ్యాంకు, 2013 నుంచి బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నడిపారు. వాతావరణ మార్పు ఆర్థిక స్థిరత్వానికే ముప్పని 2015లో లండన్‌లో బీమా సంస్థల ముందు నిలబడి చెప్పారు. అదే ఏడాది ఆయన ఛైర్మన్‌గా ఉన్న ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డు, కంపెనీలు తమ వాతావరణ రిస్కును ఎలా వెల్లడించాలో చెప్పే టాస్క్‌ఫోర్స్ వేసింది. దాని సిఫార్సులు 2017లో వచ్చాయి, 2023లో కంపెనీలు వాతావరణ సమాచారం వెల్లడించాల్సిన అంతర్జాతీయ ప్రమాణాల్లోకి చేరాయి. తర్వాత ఆయన బ్రూక్‌ఫీల్డ్‌లో పెట్టుబడుల వైపు వెళ్లి, 2025లో కెనడా ప్రధాని అయ్యారు. జిగర్ షా 2003లో సన్ఎడిసన్ స్థాపించి, ప్యానెళ్ల ఖర్చు కస్టమర్ మీద వేయకుండా కరెంటు మాత్రమే అమ్మే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. ఆ తర్వాత పెట్టుబడి సంస్థ నడిపి, 2021 నుంచి 2025 జనవరి దాకా అమెరికా ఇంధన శాఖలో రుణాల కార్యాలయానికి అధిపతిగా ఉన్నారు. రేచల్ కైట్ స్వచ్ఛంద సంస్థల వైపు నుంచి వచ్చి ప్రపంచ బ్యాంకు గ్రూపులో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఇంధన కార్యక్రమంలో, 2024 నుంచి బ్రిటన్ ప్రభుత్వ వాతావరణ ప్రతినిధిగా పనిచేశారు.

అవకాశం ఉంటే ప్రభుత్వం వైపే మొదలుపెట్టమంటాను. మంత్రిత్వ శాఖే కానక్కర్లేదు. నియంత్రణ సంస్థ, మున్సిపల్ కార్పొరేషన్, ప్రభుత్వ విద్యుత్ సంస్థ, అభివృద్ధి బ్యాంకు ఏదైనా సరే. ఫైనాన్స్ ముప్పై ఐదేళ్ల వయసులోనూ నేర్చుకోవచ్చు. ఒక ఫైలు ఎందుకు ఆగిందో, ఏ టేబుల్ దగ్గర ఎవరి అభ్యంతరం ఉందో, దాన్ని ఏ నోట్‌తో దాటించాలో కింది స్థాయిలో ఉండి చూసినవాళ్లకే తెలుస్తుంది. నేరుగా పైపదవిలో దిగినవాళ్లకు ఆ సంగతులు చెప్పేవాళ్లు ఉండరు.

అక్కడ ఉన్నన్నాళ్లూ ఇవి గట్టిగా పట్టుకోండి. బడ్జెట్ క్యాలెండర్, అంటే ఏ నెలలో అడిగితే డబ్బు దొరుకుతుంది, ఏ నెల దాటితే వచ్చే ఏడాదే. టెండరు పత్రం రాయడం. ఆడిట్ అభ్యంతరాలు ఎలా వస్తాయో, వాటికి జవాబు ఎలా రాస్తారో. వీలైతే ఒక టెండరును మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి నడపండి. బిడ్డర్లతో జరిగే ముందస్తు సమావేశంలో వాళ్లు లిఖితపూర్వకంగా అడిగే ప్రశ్నల జాబితా ఉంటుంది కదా, అదే పెట్టుబడి ప్రపంచానికి మీ మొదటి పాఠ్యపుస్తకం.

5. పెట్టుబడి వైపు వెళ్లినప్పుడు

ఇక్కడ ఉద్యోగాలు చాలా రకాలు. ప్రాజెక్టులకు అప్పులిచ్చే బ్యాంకు విభాగం, మౌలిక సదుపాయాల ఫండ్, కొత్త టెక్నాలజీల మీద పందెం కాసే వెంచర్ ఫండ్, పెన్షన్ నిధి, రేటింగ్ సంస్థ, బీమా. మొదటిసారి వెళ్తున్నారంటే ప్రాజెక్టు ఫైనాన్స్ ఎంచుకోండి. వెంచర్ ఫండ్లలో హడావుడి ఎక్కువ. కానీ ఒప్పందంలోని ప్రతి క్లాజూ అంకెగా మారడం కళ్లారా చూసేది ప్రాజెక్టు ఫైనాన్స్‌లోనే.

అక్కడ రెండు విషయాలు మొదటి నెలలోనే నేర్చుకోండి. ఒకటి, అప్పు వాయిదాకు రాబడి ఎన్ని రెట్లు ఉందన్న నిష్పత్తి. వాయిదా 10 కోట్లుంటే చేతికొచ్చే మిగులు 13 కోట్లు ఉండాలని బ్యాంకు పట్టుబడుతుంది, అంటే 1.3 రెట్లు. రెండు, పీ50, పీ90 అంచనాలు. పీ50 అంటే అంతకంటే ఎక్కువ ఉత్పత్తి రావడానికి సగం అవకాశం ఉన్న అంకె. పీ90 అంటే అంతకు మించి రావడానికి 90 శాతం అవకాశం ఉన్న అంకె, అంటే జాగ్రత్తగా వేసిన తక్కువ లెక్క. ప్రాజెక్టు యజమాని పీ50 చూసి ఉత్సాహపడతాడు, బ్యాంకు పీ90 చూసి అప్పు ఎంతో తేలుస్తుంది. ప్రభుత్వ సమావేశాల్లో ‘బ్యాంకులు అనవసరంగా భయపడుతున్నాయి’ అన్న మాట తరచూ వస్తుంది. ఆ రోజు బ్యాంకు ఏ అంకె చూస్తోందో చెప్పగలిగితే మాట ముందుకు సాగుతుంది.

ఇంకో హెచ్చరిక. ఈ రంగంలో గొప్పలు చెప్పుకోవడం బాగా అలవాటు. 2023లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్, ఆస్తుల నిర్వహణ సంస్థ డీడబ్ల్యూఎస్ మీద 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పర్యావరణ, సామాజిక అంశాలను పెట్టుబడి నిర్ణయాల్లో ఎలా చూస్తున్నామన్న దాని గురించి ఆ సంస్థ చెప్పిందీ చేసిందీ ఒకటి కాదన్నది ఆరోపణ. మీ బాస్ మీ చేత ప్రచార పత్రంలో ఒక వాక్యం రాయించాలనుకున్నప్పుడు, దాని వెనక లెక్క చూపించమని అడగండి. చూపించకపోతే మీ పేరు పెట్టనివ్వకండి. మళ్లీ ప్రభుత్వంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు పరువే పెట్టుబడి.

6. ఒకవైపు నుంచి ఇంకోవైపు మారేటప్పుడు

రెండువైపులా పనిచేసినవాళ్ల మీద జనానికి అనుమానం రావడం న్యాయమే. నిన్నటి దాకా నిబంధనలు రాసినవాడు ఇవాళ అదే నిబంధనలతో లాభపడే కంపెనీలో కూర్చుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. దీన్ని చట్టం వదిలిన సందుల్లోంచి తప్పించుకునే విషయంగా చూడకండి.

చాలా దేశాల్లో పెద్ద హోదాలో ఉన్న అధికారులు పదవి వదిలాక కొంతకాలం సంబంధిత కంపెనీల్లో చేరకూడదు, లేదా అనుమతి తీసుకోవాలి. మీ దేశంలో నియమం ఎలా ఉన్నా మీకంటూ అంతకంటే గట్టి నియమం పెట్టుకోండి. మీ సంతకంతో కాంట్రాక్టు పొందిన కంపెనీలో చేరనని ముందే రాసి పెట్టుకుంటే, ఆఫర్ వచ్చినప్పుడు మనసు ఊగిసలాడదు. ప్రభుత్వంలో చేరే ముందు ఆ రంగం షేర్లు అమ్మేయండి. పాత యజమాని ఫైలు వస్తే లిఖితపూర్వకంగా తప్పుకోండి. ఆ కాగితం కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

జీతం సంగతి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఫండ్ నుంచి ప్రభుత్వంలోకి వస్తే ఆదాయం బాగా పడిపోతుంది. పెట్టుబడి వైపు ఉన్నప్పుడు ఈఎంఐలు పెంచుకుంటూ పోయినవాళ్లు పిలుపు వచ్చినా రాలేరు. మంచి జీతం ఉన్న ఏళ్లలో ప్రభుత్వ జీతంతో గడిచేలా ఖర్చులు ఉంచుకోండి. ఇంట్లోవాళ్లతో ఈ మాట ముందే అనుకోండి.

7. పోయిన డబ్బు గురించి జనానికి చెప్పగలగాలి

పదవి వచ్చాక అసలు టెన్షన్ ఇక్కడే. అమెరికా ఇంధన శాఖ రుణ కార్యక్రమం సొలిండ్రా అనే సోలార్ కంపెనీకి 53.5 కోట్ల డాలర్ల అప్పుకు హామీ ఇచ్చింది. 2011లో ఆ కంపెనీ దివాలా తీసింది. ఏళ్ల తరబడి ఆ పేరు రాజకీయ తిట్టుగా మారిపోయింది. అదే కార్యక్రమం 2010లో టెస్లాకు 46.5 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. టెస్లా 2013లోనే, గడువుకు చాలా ఏళ్ల ముందే మొత్తం తీర్చేసింది. అప్పు ఒప్పందంలో ప్రభుత్వానికి షేర్లు కొనుక్కునే హక్కు ఉన్నా, ముందే తీర్చడంతో అది రద్దయింది. నష్టం వచ్చినప్పుడు మొత్తం ప్రజల నెత్తిన పడింది. లాభం వచ్చినప్పుడు వడ్డీ మాత్రమే మిగిలింది.

ఫండ్‌లో పది పెట్టుబడుల్లో రెండు మూడు మునిగినా మిగతావి నిలబెడితే మేనేజర్‌ను మెచ్చుకుంటారు. ప్రభుత్వంలో మునిగిన ఒక్కటే వార్త అవుతుంది. కాబట్టి మొదటి చెక్కు ఇవ్వకముందే మూడు పనులు చేయండి. ఈ కార్యక్రమంలో ఇంత శాతం నష్టం వస్తుందని అనుకుంటున్నామని చట్టసభకు లిఖితపూర్వకంగా చెప్పండి. గెలిచిన కంపెనీల లాభంలో ప్రజలకూ వాటా వచ్చేలా ఒప్పందం రాయించండి, ముందే తీర్చినా ఆ హక్కు పోకుండా చూడండి. ప్రతి మూడు నెలలకూ మొత్తం ఖాతా, మంచీ చెడూ రెండూ, మీరే బయటపెట్టండి. విలేకరి తవ్వి తీసిన నష్టానికీ, మీరు ముందే చెప్పిన నష్టానికీ జనం స్పందన ఒకేలా ఉండదు.

8. లాభం లేని చోట్లను వదిలేయకండి

పెట్టుబడి భాష బాగా వంటబట్టినవాళ్లకు వచ్చే జబ్బు ఒకటుంది. రాబడి లేని పని కంటికి కనిపించదు. వరద గట్లకు, వేడిగాలుల హెచ్చరికలకు, ఉప్పునీళ్లు చేరుతున్న తీరప్రాంత ఊళ్లకు టికెట్ పెట్టి డబ్బు రాబట్టలేం. అక్కడ ప్రభుత్వ డబ్బే పెట్టాలి. ప్రైవేటు డబ్బు వచ్చే చోట దాన్ని రప్పించి, మిగిలిన ప్రభుత్వ డబ్బును ఇటు మళ్లించడానికే మీరు ఇంత ఫైనాన్స్ నేర్చుకున్నది.

కొన్నిసార్లు మార్కెట్ పనిముట్లు ఇక్కడా పనికొస్తాయి, కానీ క్లాజులు చదవాలి. జమైకా ప్రపంచ బ్యాంకు ద్వారా, బీమాలా పనిచేసే 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు తీసుకుంది. తుపాను కేంద్రంలో వాయుపీడనం నిర్ణయించిన స్థాయి కంటే పడిపోతే ఆ డబ్బు దేశానికి వస్తుంది. 2024 జులైలో బెరిల్ తుపాను దీవిని దెబ్బతీసినా పీడనం ఆ స్థాయికి పడలేదు, పైసా రాలేదు. 2025 అక్టోబరులో మెలిస్సా అంతకంటే భీకరంగా వచ్చింది, మొత్తం డబ్బు అందింది. బాండు రాసినట్టే పనిచేసింది. కానీ బెరిల్‌లో ఇల్లు పోయిన మనిషికి వాయుపీడనం కథ చెబితే ఏం లాభం? అలాంటి బాండు మీద సంతకం పెట్టే ముందు, అది కప్పని తుపానుకు వేరే నిధి ఎక్కడుందని అడగాల్సింది మీరే.

ఉద్యోగాలు పోయేవాళ్ల విషయమూ అంతే. 2018లో స్పెయిన్ ప్రభుత్వం చాలా బొగ్గు గనులు మూసేముందు కార్మిక సంఘాలతో కూర్చుని 25 కోట్ల యూరోల ఒప్పందం చేసుకుంది. వయసు మళ్లినవాళ్లకు ముందస్తు పదవీ విరమణ, మిగతావాళ్లకు కొత్త పనిలో శిక్షణ, గనుల స్థలాల పునరుద్ధరణలో పని. గనులు మూతపడకముందే ఒప్పందం కుదిరింది, అదే ముఖ్యం. మీ ప్రాజెక్టు వల్ల ఎవరి జీవనం మారుతుందో వాళ్ల దగ్గరకు ఆర్థిక లెక్క పూర్తికాకముందే వెళ్లండి. లెక్క పూర్తయ్యాక వెళ్తే వాళ్లకోసం అందులో చోటు మిగలదు.

9. పదవిలో చేరిన మొదటి రోజులు, చివరి రోజులు

చేరగానే పెద్ద ప్రకటన చేయాలన్న ఒత్తిడి ఉంటుంది. దాన్ని కాస్త ఆపి, మీ సంస్థలో ఆగిపోయిన ప్రాజెక్టుల జాబితా తెప్పించుకోండి. ఒక్కోటి ఏ కారణంతో ఆగిందో పక్కన ఒక గడిలో రాయించండి. అదే కారణం పదే పదే కనిపిస్తే, మీ మొదటి పని అదే. చాలాచోట్ల అది కొత్త నిధి అవసరం కాదు, ఒక అనుమతికి గడువు లేకపోవడమో, ఒక నమూనా ఒప్పందంలో పాతబడిన క్లాజో అయ్యుంటుంది.

రాజకీయ గాలి మారుతుందని లెక్కలో వేసుకునే పనిచేయండి. ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని మాటిచ్చిన బ్యాంకుల కూటమి, 2021లో మొదలైన నెట్-జీరో బ్యాంకింగ్ అలయన్స్ నుంచి పెద్ద పెద్ద బ్యాంకులు తప్పుకోవడంతో 2025లో అది మూతపడింది. పత్రికా ప్రకటన మీద నిలబడ్డ హామీ పత్రికా ప్రకటనతోనే పోతుంది. సంతకమైన కాంట్రాక్టు, వేసిన లైను, గెజిట్‌లో అచ్చయిన నిబంధన అంత తేలిగ్గా పోవు. మీకు మూడేళ్లే ఉన్నాయనుకుంటే, వాటిని ఎక్కువగా ఈ మూడు రకాల పనుల మీదే ఖర్చుపెట్టండి.

వెళ్లిపోయే ముందు ఆరు నెలలు కొత్త పనులు మొదలుపెట్టకండి. నడుస్తున్న ప్రతి ప్రాజెక్టుకూ ఒక నోట్ రాయండి. ఎవరికి ఏం మాట ఇచ్చామో, ఏ క్లాజు ఎందుకు అలా ఉందో, ఏ బిడ్డర్ ఏ భయం చెప్పాడో, ఎక్కడ మనం తగ్గలేదో అన్నీ అందులో ఉండాలి. మీ తర్వాత వచ్చేవాళ్లు మీ స్నేహితులు కాకపోవచ్చు, మీ పార్టీ వాళ్లూ కాకపోవచ్చు. ఆ నోట్‌ను ఎవరు చదివినా సోమవారం పొద్దున ఫైలు తెరిచి పని కొనసాగించగలిగేలా రాయండి. రాసిన నోట్‌ను కిందిస్థాయిలో ఉన్న కనీసం ఇద్దరి చేత చదివించి, వాళ్లడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా అందులోనే చేర్చి, ఫైల్లో పెట్టండి.